చంద్రుడి దుమ్ముకు తెల్ల రుమాలు

దుమ్మును పరిశోధించే సంస్థ పెట్టడానికి పెద్దలు అనంతపురం జిల్లాను ఎంచుకున్నారంటే ఆ ఒక్క విషయంలో వాళ్లను తప్పు పట్టలేం. బొమ్మరాజుపల్లె గుట్ట మీద ఆషాఢంలో గాలి లేచిందంటే అన్నంలో కలుపుకున్నది పప్పో మట్టో తేల్చుకోవడం కష్టం. అయితే భవనం కట్టి, బోర్డు రాయించి, డైరెక్టరు గారిని కుర్చీలో కూర్చోబెట్టాక తేలిందేమిటంటే, ఈ దుమ్ము పనికిరాదు. ఇది గాలికి దొర్లీ దొర్లీ, వానకు తడిసీ తడిసీ నునుపెక్కిన దుమ్ము. చంద్రుడి మీద గాలీ లేదు, వానా లేదు. అక్కడి దుమ్ము పుట్టిన నాడు ఎంత పదునుగా ఉందో ఈ రోజుకీ అంతే పదును. పగిలిన గాజును రోట్లో వేసి దంచినట్టు ఉంటుంది. పైగా తల దువ్విన దువ్వెనకు కాగితం ముక్కలు అతుక్కున్నట్టు దేన్ని పడితే దాన్ని పట్టుకుంటుంది. దులిపితే పోదు.

అందుకని ఎక్కడినుంచో తెల్లరాయి తెప్పించి, మిల్లులో ఆడించి, చంద్రుడి దుమ్ముకు నకలు తయారు చేసి డ్రమ్ములకు నింపారు. గోడకు బయట దేవుడిచ్చిన దుమ్ము, గోడకు లోపల ప్రభుత్వం కొన్న దుమ్ము. ఆ లోపలి దుమ్ముకు కాపలాదారు తిప్పేస్వామి.

తిప్పేస్వామి ఆ శాలలో సీనియర్ ఇంజనీరు. యాభైకి దగ్గర పడ్డ మనిషి. అతని బతుకంతా ఆ మధ్య ఒక కీలు మీద ఆడుతోంది. త్వరలో చంద్రుడి మీదికి పోబోయే నౌకకు ఒక మూత ఉంది. అక్కడ పగలున్నంత కాలం ఆ మూత తెరుచుకుని లోపలి పరికరాలకు ఎండ తగలనివ్వాలి. చీకటి పడగానే మూసుకుని వాటిని చలినుంచి కాపాడాలి. మూసుకోకపోతే ఆ చలికి పరికరాలన్నీ చచ్చి ఊరుకుంటాయి. మూత తెరుచుకున్నా మూసుకున్నా ఈ కీలు మీదనే. తిప్పేస్వామి కీలును గాజుపెట్టెలో పెట్టి, లోపలి గాలి లాగేసి, నకలు దుమ్ము చల్లి ఆడించాడు. కొంతసేపు ఆడింది. కిర్రుమంది. బిగుసుకుపోయింది. ఇంకో కీలు పెట్టాడు. అదీ అంతే.

మందు కూడా అతనే కనిపెట్టాడు. వాళ్ల నాయన వేరుశనగ మిల్లులో పనిచేసేవాడు. పొట్టు బేరింగుల్లోకి పోకుండా వాటికి ఫెల్టు గుడ్డ చుట్టి కట్టేవాళ్లు. తిప్పేస్వామి అదే పద్ధతిన, చలికీ వేడికీ తట్టుకునే నారగుడ్డ తెప్పించి కీలుకు చిన్న తొడుగు కుట్టించాడు. చిటికెన వేలుకు కట్టు కట్టినట్టు ఉంటుంది చూడటానికి. ఇక మిగిలింది ఆఖరి పరీక్ష. తొడుగు లేని కీలునూ తొడుగున్న కీలునూ పక్కపక్కన పెట్టి దుమ్ములో ఆడించి, ఒకటి బిగుసుకోవడమూ రెండోది ఆడటమూ పెద్దల కళ్లకు చూపించాలి. చూపిస్తే తొడుగు నౌక ఎక్కుతుంది. చూపించకపోతే ఉత్త కీలే పోతుంది.

సరిగ్గా అప్పుడు ప్రధాన కార్యాలయం నుంచి సర్క్యులరు దిగింది. ధూళి రహిత కార్యాలయ మహోద్యమం అని దాని పేరు. సంస్థకు చెందిన ప్రతి కార్యాలయమూ నెలాఖరులోగా ధూళినుండి విముక్తి పొందవలెను. తనిఖీ అధికారి తెల్ల రుమాలుతో విచ్చేసి, తాము కోరిన వస్తువును కోరిన చోట తుడిచి చూచెదరు. రుమాలు మాయని కార్యాలయమునకు వెండి షీల్డు, మాసిన కార్యాలయ అధిపతికి సంజాయిషీ నోటీసు.

డైరెక్టరు డాక్టర్ విరూపాక్షం గారికి రిటైర్మెంటు దగ్గర పడింది. ఇన్నేళ్ల సర్వీసులో ఆయన గోడకు ఒక్క షీల్డూ ఎక్కలేదు. సర్క్యులరు చదివిన పూటే గోడకు మేకు కొట్టించి మీటింగు పిలిచాడు.

"సార్, మన పనే దుమ్ముతో," అన్నాడు తిప్పేస్వామి. "దుమ్ము లేకుండా చేయమంటే శాలను మూసేయమన్నట్టే గదా."

పరిపాలనాధికారి సుగుణాకరరావు గొంతు సవరించుకున్నాడు. కాకినాడ వైపు మనిషి. ఎంత పెద్ద గొడ్డలి వేటైనా 'అండీ' చేర్చి వేస్తాడు.

"మూసేయమని ఎక్కడా లేదండీ. ప్రతి కార్యాలయము అని ఉందండీ. ప్రతి అంటే మనమూ వస్తామండీ. చంద్రునికి సంబంధించిన ధూళి మినహా అని రాసి ఉంటే ఆ సంగతి వేరు. రాయలేదు కదండీ మరి."

"మర్చిపోయింటారు సార్."

"ప్రధాన కార్యాలయం మర్చిపోవడం అన్నది ఉండదండీ. బుద్ధిపూర్వకంగా మినహాయించకపోవడం అంటారండీ దాన్ని."

"ఏంటి తిప్పేస్వామిగారూ," అన్నాడు డైరెక్టరు. "ఎప్పుడూ మీ విభాగం నుంచే అభ్యంతరం. అకౌంట్స్ వాళ్లు ఒక్క మాట అన్నారా? వాళ్లకు లేదా దుమ్ము?"

"వాళ్లకు ఫైళ్ల మీద దుమ్ముంటుంది సార్. మాకు దుమ్ము మీదనే ఫైలుండాది."

మినహాయింపు కోరుతూ లేఖ పోయింది. జవాబు కూడా వచ్చింది. 'ధూళి రహిత వాతావరణమున ధూళి పరిశోధన కొనసాగించు అవకాశములను పరిశీలించి, ఆ దిశగా తగు చొరవ చూపవలసినది.' డైరెక్టరు చొరవ అన్న మాట కింద ఎర్ర గీత గీసి తిప్పేస్వామి బల్ల మీదికి పంపాడు.

ఆ చొరవ ఏమిటో చెప్పడానికి మొదట ముందుకొచ్చినవాడు స్టోర్సు ఆఫీసరు మద్దిలేటి. తిప్పేస్వామికి చిన్నప్పటి స్నేహితుడు, ఒకే ఊరి వాడు.

"పేరు మార్చేయప్పా. దుమ్మంటే గదా గొడవ. చంద్ర మృత్తిక అని రాయి డ్రమ్ముల మీద. రుమాలు మాసినా మృత్తిక మాపిందంటావు, దుమ్ము కాదంటావు."

సుగుణాకరరావుకు ఈ సలహా ఎంతో నచ్చింది. డ్రమ్ముల మీద పాత పేరు చెరిపి కొత్త పేరు రాయించాడు. మర్నాడు ఆయనే చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు.

"కొన్నది ధూళి పద్దు కింద కదండీ. ఇప్పుడు స్టోర్సులో ఉన్నది మృత్తిక. మరి కొన్న ధూళి ఏమైనట్టండీ? ఆడిట్ వారు వచ్చి చూపించమంటే తమరు ఏం చూపిస్తారు?"

"అదే చూపిస్తాం సార్."

"అది మృత్తిక కదండీ."

మళ్లీ పాత పేరు రాశారు. పెయింటు ఆరకముందే డైరెక్టరు గారికి ఉపాయం తట్టింది. వాకిట్లో దుమ్ము లేస్తే ఆడవాళ్లు ఏం చేస్తారు, నీళ్లు చల్లుతారు. డ్రమ్ముల్లోనూ చల్లితే సరి.

"చంద్రుడి మీద నీళ్లుండవు సార్," అన్నాడు తిప్పేస్వామి.

"మనకున్నాయి కదా?"

ఆ మాటా పూర్తిగా నిజం కాదు. గుట్ట కింద బొమ్మరాజుపల్లెలో జనం బిందెలు వరసగా పెట్టుకుని ట్యాంకరు కోసం చూస్తున్నారు. ట్యాంకరు వచ్చింది, వాళ్లను దాటుకుని గుట్టెక్కింది. చంద్రుడి దుమ్ము తనివితీరా తాగి పిడకలు కట్టింది. తిప్పేస్వామి ఆ పిడకల్లో కీలును ఆడించబోతే అది పెరుగన్నంలో ఇరుక్కున్న చెంచాలా నిలబడిపోయింది. పిడకలను ఎండలో పోసి, మళ్లీ మిల్లుకు పంపి, మళ్లీ దుమ్ము చేయించే సరికి సగం నెల గడిచింది.

ఊడ్చే హనుమక్క పరక చంకన పెట్టుకుని ఇదంతా చూస్తూ ఉంది.

"సారూ, డ్రమ్ముల్లో కసువు ఎత్తి దిబ్బలో పొయ్యమన్నాడు సుగుణాకరం సారు. ఎత్తేదా?"

"అది కసువు కాదు హనుమక్కా. చంద్రుడి మట్టి."

"చంద్రుడిదో చుక్కలదో నాకెందుకు. ఆ గుడ్డకు మట్టి అంటిందంటే అడిగేది నన్ను గదా. మీరు లోపల దుమ్ము పోస్తాండారు, నేను బయట దుమ్ము ఊడుస్తాండా. ఇద్దరికీ జీతమిచ్చేది ఒకే ఆఫీసు. యాడన్నా ఉండాదా ఇట్లా?"

చివరికి దారి చూపించినవాడు సుగుణాకరరావే. ధూళి వల్ల ఇబ్బంది లేదనీ, అది బయటికి రావడం వల్లే ఇబ్బంది అనీ ఆయన నోటు పెట్టాడు. కనుక ధూళిని చిన్న చిన్న ప్లాస్టిక్ కవర్లలో పోసి సీలు వేయవలెను. గాజుపెట్టెలో కీలు పక్కన ఆ కవర్లను అమర్చవలెను. ధూళీ ఉంటుంది, కీలూ ఉంటుంది, పరిశోధనా ఉంటుంది. రుమాలు తెల్లగానూ ఉంటుంది. ముందు జాగ్రత్తగా కీలుకు కూడా ఒక కవరు తొడగవలెను.

డైరెక్టరు ఆ నోటు మీద 'చక్కటి చొరవ' అని రాశాడు.

ఆ మధ్యాహ్నం క్యాంటీనులో తిప్పేస్వామి ముందున్న ఉగ్గాని చల్లారిపోయింది.

"కవర్లో దుమ్ము కవర్లో కీలును ఏం చేస్తుందప్పా?" అన్నాడు.

"ఏమీ చెయ్యదు. అందుకే గదా పెట్టేది," అన్నాడు మద్దిలేటి బజ్జీ తుంచుకుంటూ. "నీకు నౌక కావల్ల, ఆయప్పకు షీల్డు కావల్ల. నౌక పోయేది చంద్రుడి మీదికి. షీల్డు ఎక్కేది ఈ గోడ మీదికే. ఏది దగ్గరో నువ్వే చెప్పు."

"ఉత్త కీలు పోతే మూత పడదు మద్దిలేటీ. నేను కండ్లారా చూసినా."

"నువ్వు చూసినావు. రుమాలు చూడల్ల గదా."

తనిఖీ అధికారి గజేంద్రనాథ్ గారు నెలాఖరున వచ్చారు. ఆయన వెనక ఒక అటెండరు ఇస్త్రీ చేసిన రుమాళ్లు వెండి పళ్లెంలో పెట్టుకుని నడిచాడు. గజేంద్రనాథ్ గారు కుర్చీ తుడిచారు, ఫ్యాను రెక్క తుడిచారు, గోడ మీద దేవుడి పటం తుడిచారు, దణ్ణం పెట్టి పటం వెనక కూడా తుడిచారు. రుమాలు తెల్లగానే ఉంది. తలుపు పక్కన నిలబడ్డ హనుమక్క నుదుటి చెమట తుడుచుకోబోయి, ఏ గుడ్డ మాసి ఏం ముంచుకొస్తుందో అని మానుకుంది. డ్రమ్ములు తుడిచారు. డ్రమ్ములకు కూడా కవర్లు వేశారు కాబట్టి అవీ గెలిచాయి.

"ఇక్కడ జరిగే పరిశోధన ఏదైనా చూపగలరా?" అన్నారు.

గాజుపెట్టెలో రెండు కీళ్లు, ఒక్కోటి ఒక్కో కవరులో ఉన్నాయి. వాటి చుట్టూ కిరాణా కొట్టు ముందు కారప్పూస ప్యాకెట్లు వేలాడినట్టు దుమ్ము ప్యాకెట్లు వేలాడుతున్నాయి. తిప్పేస్వామి మీట నొక్కాడు. తొడుగు లేని కీలు తెరుచుకుంది, మూసుకుంది. తొడుగున్న కీలూ తెరుచుకుంది, మూసుకుంది. వరసగా ఆడుతూనే ఉన్నాయి.

"ఎంత దుమ్ములో ఎంత హాయిగా ఆడుతున్నాయి," అన్నారు గజేంద్రనాథ్ గారు. "రెండూ ఆడుతున్నప్పుడు మరి ఆ తొడుగు దేనికి?"

"కవరు తీస్తే తెలుస్తుంది సార్."

"కవరు తీస్తే దుమ్ము లేస్తుంది కదా?"

"లేస్తుంది సార్. దానికోసమే."

"ఉద్యమ కాలంలోనా?"

తిప్పేస్వామి చెయ్యి పెట్టె తలుపు మీదికి పోయింది. లోపల ఒక దుమ్ము ప్యాకెట్టునూ ఉత్త కీలు కవరునూ గోటితో గీకితే చాలు. పాలపొడిలా లేచి, కీలు నోట్లోకి దూరి, అందరి ఎదుటా కిర్రుమనిపిస్తుంది. అతను తలుపు గడియ తీశాడు కూడా. సుగుణాకరరావు వచ్చి అతని మణికట్టును, చంటిబిడ్డ చెయ్యి పట్టుకున్నంత మెత్తగా పట్టుకున్నాడు. డైరెక్టరు అతని చెవి దగ్గరకు వంగాడు.

"తిప్పేస్వామిగారూ, మీ తొడుగు సంగతి నేను మర్చిపోలేదు. ఉద్యమం అయిపోనివ్వండి. మర్నాడే కవర్లు విప్పేసి మీ పరీక్ష మీరు చేసుకోండి. నాదీ పూచీ."

తిప్పేస్వామి గోడకున్న మేకు వంక చూశాడు. డైరెక్టరు ముఖం వంక చూశాడు. నమ్మితే సాయంత్రం ఇంటికి పోయి అన్నం తినొచ్చు. నమ్మాడు. గడియ వేశాడు.

చేసిన పరీక్షకు ధ్రువపత్రం ఇమ్మన్నారు. కనీసం అందులోనైనా అబద్ధం రాయకూడదని, 'కవరులో ఉంచిన ధూళి వల్ల కవరులో ఉంచిన కీలుకు ఎట్టి హానియు కలుగలేదు' అని రాశాడు. సుగుణాకరరావు దాన్ని టైపు చేయించే ముందు కాస్త సంస్కరించాడు.

"కవరులో అన్నది రెండుసార్లు పడిందండీ. పునరుక్తి. ఒకటి కొట్టేశాను. కొట్టేస్తే రెండోది ఒంటరిగా ఎబ్బెట్టుగా కనిపించిందండీ. అదీ తీసేశాను. ఇప్పుడు చదవండి, ఎంత హుందాగా ఉందో."

తిప్పేస్వామి చదివాడు. హుందాగానే ఉంది. సంతకం పెట్టాడు.

షీల్డు వచ్చింది, మేకుకు ఎక్కింది. ధూళి పరిశోధన శాలే ధూళి రహితమైందంటే మిగతా కార్యాలయాలకు ఏం రోగమని ప్రధాన కార్యాలయం అందరికీ రాసింది. ఇంతటి విజయం చూసి మహోద్యమాన్ని ఇంకో ఏడాది పొడిగించింది. తిప్పేస్వామి కవర్లు విప్పడానికి అనుమతి అడగబోతే డైరెక్టరు నొచ్చుకున్నాడు.

"ఉద్యమం అయిపోయాక అన్నాను కదండీ. అయిపోయిందా?"

ఈలోగా నౌకను కట్టేవాళ్ల దగ్గరినుంచి కబురు వచ్చింది. ధూళి వల్ల కీలుకు హాని లేదని ధ్రువీకరించినందున తొడుగును అనవసరపు బరువుగా భావించి తొలగించడమైనది. దాన్ని ఒక కవరులో పెట్టి తిప్పి పంపారు. తిప్పేస్వామి జేబులో వేసుకున్నాడు.

నౌక పోయింది. చక్కగా పోయింది, చెప్పిన చోట దిగింది. దిగేటప్పుడు దాని మంటకు చంద్రుడి దుమ్ము లేచి, నౌకంతా కప్పి, నెమ్మదిగా వాలింది. మూత తెరుచుకుంది. గుట్ట మీద లడ్డూలు పంచారు. అక్కడ పగలున్నన్ని రోజులూ డైరెక్టరు గారు మెడలో దండ తియ్యకుండానే తిరిగారు. ఆ తర్వాత అక్కడ చీకటి పడే వేళయింది. మూసుకొమ్మని ఆజ్ఞ పంపారు. మూత కాస్త కదిలింది. ఆగింది. మళ్లీ పంపారు. మూత వినలేదు. తిప్పేస్వామికి అంత దూరం నుంచి ఆ కిర్రుమన్న చప్పుడు వినిపించింది. అక్కడ గాలి లేదు కాబట్టి చప్పుడు ఉండదని అతనికి తెలుసు. అయినా వినిపించింది. చలికి పరికరాలు ఒకదాని తర్వాత ఒకటి పలకడం మానేశాయి.

విచారణ సంఘం గుట్టెక్కింది. అధ్యక్షుడు పెద్దాయన, తొణకడు.

"కీలులో దోషం లేదు. దానికి ధ్రువపత్రం ఉంది," అన్నాడు ముందుగానే. "మీ శాలలో ధూళికి కవరు ఉందా?"

"ఉండాది సార్," అన్నాడు తిప్పేస్వామి.

"కనుక ఆ ధూళిలోనూ దోషం లేదు. చంద్రుని మీది ధూళికి కవరు ఉందా?"

"చంద్రుడికి కవరేంది సార్."

"ఉందా, లేదా?"

"లేదు సార్."

"లేదన్న సంగతి మీకు ముందే తెలుసా?"

"అందరికీ తెలుసు గదా సార్."

"అందరినీ అడగడం లేదు."

"తెలుసు సార్. అందుకే నేను కవర్లో అని రాసినా. రెండు తావుల రాసినా. కొట్టేసినారు."

అధ్యక్షుడు కళ్లజోడు తీసి పక్కవాళ్ల వైపు చూశాడు. దొంగ దొరికినట్టే తలలూపుకున్నారు.

"అంటే కవరు ఎంత ముఖ్యమో ఈ సంస్థలో తెలిసిన వ్యక్తి మీరొక్కరే. తెలిసి కూడా, నౌక దిగబోయే ప్రాంతానికి కవరు ఏర్పాటు చేయవలసిందిగా పై అధికారులకు రాయలేదు."

తిప్పేస్వామి జేబులో ఉన్న తొడుగును తడుముకున్నాడు.

నివేదిక వచ్చింది. ప్రమాదానికి కారణం చంద్రునిపై పరిశుభ్రత లోపించడం. ఇకమీదట నౌకలు పంపుటకు ముందే చంద్రుని ధూళి రహితముగా చేయవలెను. తొలి చర్యగా తగిన కవరు సమకూర్చవలెను. నిర్లక్ష్యం వహించిన అధికారికి తన లోపాన్ని సరిదిద్దుకునే అవకాశం కల్పిస్తూ, అతనినే కొనుగోలు సంఘానికి కన్వీనరుగా నియమించడమైనది.

కొనుగోలు సంఘం మొదటి సమావేశం డైరెక్టరు గారి గదిలో షీల్డు కింద జరిగింది. కొత్త పదవి వచ్చినందుకు మద్దిలేటి తిప్పేస్వామి భుజం తట్టాడు.

"పెద్దోడివైనావప్పా. ఇంతవరకు డ్రమ్ములకు కవర్లు కొన్నా, ఇప్పుడు చంద్రుడికి కొనమంటాండావు. కొలత చెప్పు, టెండరు వేస్తా."

సుగుణాకరరావు చెయ్యెత్తాడు. "కొలత అనేది చిన్న విషయం కాదండీ. పౌర్ణమి నాటి కొలతా, మరొక తిథి నాటి కొలతా?"

"పౌర్ణమికే కొనాలి," అన్నాడు డైరెక్టరు. "తనిఖీ వాళ్లు నిండుగా ఉన్న రోజు చూసి వస్తే? ఓ పక్క కవరు చాలక దుమ్ము కనిపిస్తే?"

"నెలకు ఒక్క రోజు కోసం అంత గుడ్డా అండీ? ఆర్థిక విభాగం ఒప్పుకోదండీ. అష్టమిది తీసుకుందాం. అటు పౌర్ణమికీ ఇటు అమావాస్యకీ మధ్యస్తం. సగటు అంటే ఆడిట్ వారూ నోరెత్తరండీ."

"అమావాస్య నాడు?" అన్నాడు మద్దిలేటి ముఖం ఏమాత్రం మారకుండా.

"అమావాస్య నాడు స్టోర్సుకు తిరిగి జమ చేసుకోండి," అన్నాడు సుగుణాకరరావు.

అందరూ రాసుకున్నారు. సర్దుబాటు కుదిరిన తృప్తితో డైరెక్టరు తిప్పేస్వామి వైపు తిరిగాడు.

"కన్వీనరుగారూ, మీరేం మాట్లాడరేం? కవరుకు గుడ్డ ఎట్లా ఉండాలో నమూనా ఏదైనా ఉందా మీ దగ్గర?"

తిప్పేస్వామి జేబులో చెయ్యి పెట్టాడు. తొడుగు తీసి బల్ల మీద పెట్టాడు. ఇన్ని నెలలు జేబులో ఉన్నా దాని కుట్టు చెదరలేదు.

సుగుణాకరరావు దాన్ని రెండు వేళ్లతో ఎత్తి, కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు. ముందు రుమాలుతో ఒకసారి తుడిచి కూడా చూశాడు.

"గుడ్డ నాణ్యంగానే ఉందండీ. కానీ మరీ చిన్నది. చంద్రునికి ఏ మూలకు వస్తుందండీ ఇది?"

"చంద్రుడికి కాదు సార్," అన్నాడు తిప్పేస్వామి. "కీలుకు."

సుగుణాకరరావు జాలిగా చూశాడు. తొడుగును మళ్లీ అతని ముందే పెట్టాడు.

"ఆ ఫైలు మూసేశాం కదండీ."

నిజమే, ఫైలు మూసుకుంది. పైన మూత ఒక్కటే మూసుకోలేదు.